నూగు లేచేదాకా

పదును అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. కత్తికి ఉండేది ఒకటి, వాన వెలిసిన మర్నాడు నేలకు ఉండేది మరొకటి. గట్టి ఇనుముకీ మెత్తని తడిమట్టికీ ఒకే మాట ఎలా కుదిరిందా అని చాలాకాలం ఆశ్చర్యపడేవాణ్ణి. కొలిమి దగ్గర కాసేపు నిలబడి చూసినవారికి అందులో వింతేమీ తోచదు. కమ్మరి ఎర్రగా కాలిన ఉలిని నీళ్ళలో ముంచి తీయడాన్ని కూడా పదును పెట్టడమనే అంటారు. తడికీ వాడికీ మధ్య వంతెన అక్కడుంది. రెండింటిలోనూ పదునంటే పనికి సిద్ధంగా ఉండడం. ఆ సిద్ధస్థితి ఎక్కువసేపు నిలవకపోవడంలోనూ నేలకీ ఉలికీ పోలిక ఉంది. రెండెండలు కాస్తే నేల పదును ఆరిపోతుంది. నాలుగు టేకు ముక్కలు చెక్కేసరికి ఉలి పదును చచ్చిపోతుంది.

ఈ వ్యాసం ఆ రెండో పదును గురించి. మా పెదనాన్న వడ్రంగి. నేను కాదు. వారానికి ఆరు రోజులు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. అయితే కొన్నేళ్ళుగా మేడమీది గదిలో చిన్న లేత్ మిషను పెట్టుకుని గిన్నెలూ, బొంగరాలూ, గుండీ డబ్బాలూ తరిమెన పడుతున్నాను. (లేత్‌కి తరిమెన అన్న చక్కని మాట మన నిఘంటువుల్లో ఉంది. వాడితే బతుకుతుందన్న ఆశతో వాడుతున్నాను.) ఈ సరదాలో పడ్డాక అర్థమైనదేమిటంటే, కర్రపనిలో సగం పని కర్రతో కాదు, రాతితో.

ఉలి అంచు అంటే రెండు తలాలు కలిసే గీత. వెనుక ఉన్న చదును ఒక తలం, ముందున్న ఏటవాలు మరొకటి. ఆ రెండూ నిజంగా కలిస్తే గీతకు మందం ఉండదు. వాడేకొద్దీ ఆ గీత అరిగి గుండ్రబడుతుంది. మొండిబారిన ఉలిని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అంచు పొడుగునా సన్నని తెల్లగీత మెరుస్తుంది. పదునైన ఉలికి ఆ మెరుపు ఉండదు, కాంతి నిలబడడానికి అక్కడ చోటు లేదు గనుక. పెదనాన్న పరీక్ష అదే. ముంజేతి వెంట్రుకలు గీసి చూపించడం ఆయనకి నచ్చేది కాదు, అది మంగలి కత్తికి పెట్టే పరీక్ష అనేవారు. మరీ అనుమానమైతే అంచుని బొటనవేలి గోరు మీద వాల్చి ఆనించేవారు. జారితే మొండి, నిలబడితే పదును.

ఆయన దగ్గర కొలబద్దలు లేవు. పుస్తకాల్లో ముప్ఫై డిగ్రీలని రాసే కోణానికి ఆయన సూత్రం ఒకటుండేది: ఉలి మందం ఎంతుందో ఏటవాలు దానికి రెండింతలుండాలి. ఉలి అరంగుళం మందముంటే ఏటవాలు అంగుళం. పదో తరగతి లెక్కల్లో త్రికోణమితి వచ్చినప్పుడు నాకు తట్టింది. ఎదుటి భుజం కర్ణంలో సగమైతే ఆ కోణం కచ్చితంగా ముప్ఫై డిగ్రీలే. చూపించాను. "రెండింతలంటే చాలదట్రా?" అన్నారు. చాలుతుంది నిజానికి.

ఇక రాయి. ఇనుప సామాను కొట్లో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయిని పనసచెక్కలో గాడి తవ్వి బిగించుకున్నారు. ముందు గరుకువైపు, తర్వాత నున్ననివైపు. నూనె కాదు, నీళ్ళు. ఏటవాలుని రాతి మీద ఆనించి, మణికట్టు కదలకుండా, మోచేతుల నుంచి ముందుకూ వెనక్కూ. మణికట్టు ఊగిందా, ఏటవాలు బొర్ర అవుతుంది. బొర్ర ఏటవాలు ఉన్న ఉలి ఎంత నూరినా తెగదు, ఎందుకంటే రాయి దాని పొట్టను తాకుతుంది గాని అంచుని తాకదు. కొంతసేపు నూరాక అంచు వెనుకవైపుకి కంటికి కనబడీ కనబడని ఒక సన్నని ఇనుప పొర మడతపడుతుంది. వెనుక నుంచి వేలు అడ్డంగా జరిపితే తగులుతుంది. మా ఇంట్లో దాన్ని నూగు అనేవారు. కుర్రాడి మూతి మీద వచ్చే నూగు లాంటిదన్నమాట. అంచు పొడుగునా నూగు లేచిందంటే రాయి అంచుదాకా చేరిందని రుజువు. ఒక మూల లేవకపోతే ఆ మూలకి ఇంకా పని ఉంది. అన్నిచోట్లా లేచాక ఉలిని తిరగేసి వెనుక తలాన్ని నున్ననివైపు బల్లపరుపుగా ఆనించి నాలుగుసార్లు లాగితే నూగు రాలిపోతుంది. సాన పట్టడమంటే మొత్తం ఇంతే. ప్రపంచంలో ఎన్ని రాళ్ళూ యంత్రాలూ వచ్చినా చేసేది ఈ పనినే. నూగు లేపడం, నూగు తీయడం.

ఇక్కడ ఒక పక్కదారి. కార్బొరండం అనే పేరు చూడండి. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన బంకమట్టినీ బొగ్గునీ విద్యుత్తుతో విపరీతంగా కాల్చి కృత్రిమ వజ్రం చేద్దామని ప్రయత్నించాడు. వజ్రం రాలేదు, మెరిసే గట్టి స్ఫటికాలు వచ్చాయి. కార్బన్‌కీ కోరండానికీ పుట్టిన బిడ్డ అనుకుని కార్బొరండమని పేరుపెట్టాడు. (నిజానికది సిలికాన్ కార్బైడు, కోరండంతో చుట్టరికం లేదు.) ఆ కోరండం అన్న ఇంగ్లీషు మాట తమిళ కురుందం నుంచి వెళ్ళింది. సంస్కృతంలోనూ మన నిఘంటువుల్లోనూ ఉన్న కురువిందం దానికి దగ్గరి బంధువు. ఆ రాయి మన ఖమ్మం ప్రాంతంలో కూడా దొరుకుతుంది. కార్బొరండం రాకముందు మన దేశంలో సాన పట్టేవాళ్ళు ఆ కురువిందపు పొడినే కరిగించిన లక్కలో కలిపి చక్రాలు పోసుకునేవారు. మన నేలలోంచి వెళ్ళిన మాట, అచెసన్ గారి పొరపాటు మీదుగా సముద్రాలు దాటి, మళ్ళీ మా పెదనాన్న సంచిలోకి వచ్చి చేరిందన్నమాట. ఆయనకీ సంగతి చెబితే రాయి తిప్పి చూసి, "పేరేదైతేనేం, అరక్కుండా ఉంటే చాలు" అన్నారు.

సరే, రాయి ఇంత మంచిదైతే యంత్రం ఎందుకు? మామూలు వడ్రంగానికి అంత అవసరం లేదు. తరిమెన పనికి మాత్రం తప్పదు. కారణం లెక్కేస్తే తెలుస్తుంది. రెండంగుళాల లావున్న కర్ర, అంటే సుమారు యాభై మిల్లీమీటర్లు, నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్క నిమిషంలో ఉలి అంచు ముందు నుంచి దాదాపు 235 మీటర్ల కర్ర దాటిపోతుంది. పది నిమిషాల్లో రెండు కిలోమీటర్ల పైమాటే. చేతి ఉలి అంత దూరం నడవడానికి ఎన్ని రోజులు పడుతుందో ఊహించండి. అందులోనూ టేకులో సహజంగానే ఇసుకను పోలిన సిలికా ఉంటుంది, అంచుని తినేస్తుంది. అందుకే తరిమెన పట్టేవాళ్ళ పక్కనే సాన చక్రం తిరుగుతూ ఉంటుంది. రాతి దగ్గర పావుగంట కూర్చుంటే ఆ పనికి రోజు గడవదు.

మెత్తని కర్రకి మొండి ఉలి చాలనుకుంటారు చాలామంది. నిజం తలకిందులు. గట్టి కర్ర మొండి అంచుకు కూడా ఎదురు నిలిచి ఎలాగో తెగుతుంది. మెత్తని కర్ర నార అంచు కింద నలిగి ఒరిగిపోతుంది, తెగదు, పీచు లేస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి, రెండూ మెత్తనివే. ఆ బొమ్మల నునుపు చూసి ముచ్చటపడేటప్పుడు దాని వెనకున్న అంచుని కూడా కాస్త తలుచుకోవచ్చు. ఏటికొప్పాకలో ఇంకో తమాషా ఉంది. తిరుగుతున్న బొమ్మకి లక్కకడ్డీని ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. రాపిడి వేడి అక్కడ రంగులద్దుతుంది. సాన చక్రం దగ్గర అదే వేడి పగవాడు.

ఆ పగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బజార్లో దొరికే మామూలు బెంచి గ్రైండరు మన కరెంటు మీద నిమిషానికి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది. ఆరంగుళాల చక్రమైతే దాని అంచు సెకనుకు 22 మీటర్లు, అంటే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. హైవే మీద కారు వేగమది. ఉలి ఆనించగానే నిప్పురవ్వలు. చూడటానికి దీపావళి. ఉలి అంచు దగ్గర లోహం చాలా పలచన కాబట్టి వేడి పోయేదారి లేక అక్కడే పోగుపడుతుంది. మామూలు కార్బన్ ఉక్కు సుమారు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు తిరుగుతుంది, ఆపైన గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. నీలం కనబడిందంటే ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోయిందని అర్థం. దాన్ని చల్లని నీళ్ళలో ముంచినా ప్రయోజనం లేదు, పోయిన కాఠిన్యం తిరిగిరాదు. ఆ నీలంముక్క మొత్తం అరగదీసి పారేయాల్సిందే. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. మా పట్నంలో ఒక సాన దుకాణాయన చిత్రిక ఆకుని మెరిపించి ఇచ్చాడు. మెరుపు కింద బొటనవేలంత నీలిమచ్చ. ఆ ఆకు టేకు మీద రెండు లాగులకే మొండిబారింది. సైకిలు స్టాండు వేసి పెడలు తొక్కుతూ వీధుల్లో కత్తులు నూరేవారి చక్రం ఇంతకన్నా ఎన్నో రెట్లు నెమ్మది, కత్తికి క్షేమం. ఆ సైకిలువాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవమే.

తరిమెన ఉలులకి మాత్రం ఈ భయం తక్కువ. అవి హైస్పీడు ఉక్కువి. టేలర్, వైట్ అనే ఇద్దరు బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో తయారుచేసి 1900 పారిస్ ప్రదర్శనలో చూపించిన ఉక్కు సంతతి. టంగ్‌స్టన్, మాలిబ్డినం లాంటివి కలిపినందువల్ల 500 డిగ్రీలు దాటినా మెత్తబడదు. దాని మీద నీలం కనబడ్డా కంగారు అక్కర్లేదు. పైగా వేడెక్కినదాన్ని గబుక్కున నీళ్ళలో ముంచకూడదు, సన్నని బీటలు వస్తాయి. కార్బన్ ఉక్కుకి మాటిమాటికీ నీళ్ళు, హైస్పీడు ఉక్కుకి నీళ్ళు నిషిద్ధం. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకే డబ్బాలో ముంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. సానకి ముందు ఉలి ఏ ఉక్కుదో తెలుసుకోవాలి. రాసి లేకపోతే చక్రానికి తాకించి రవ్వలు చూస్తే చాలు. కార్బన్ ఉక్కు రవ్వలు తెల్లగా కాకరపువ్వొత్తుల్లా చిట్లుతాయి, హైస్పీడువి ఎర్రగా మందకొడిగా రాలుతాయి.

చక్రాల రకాలలోకి ఎక్కువ వెళ్ళను. యంత్రంతో పాటు వచ్చే బూడిదరంగు చక్రం గట్టిది, ఉలులకి వేడెక్కువ. తెల్ల అల్యూమినియం ఆక్సైడు చక్రం త్వరగా రాలుతూ కొత్త గరుకును బయటపెడుతుంది కాబట్టి చల్లగా కోస్తుంది. డబ్బుంటే సీబీఎన్ చక్రాలున్నాయి. బోరాన్, నైట్రోజన్ కలిపి 1957లో అమెరికాలో పుట్టించిన పదార్థం. కాఠిన్యంలో వజ్రం తర్వాతిదే గాని ఉక్కు విషయంలో వజ్రం కన్నా మేలు, ఎందుకంటే బాగా వేడెక్కితే వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగిపోతుంది. కొత్త రాతి చక్రం బిగించేముందు మాత్రం ఒక పని తప్పనిసరి. దాన్ని వేలికి తగిలించుకుని స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా కొట్టాలి. ఖణేల్‌మంటే మంచిది, బద్దగా మోగితే లోపల బీట ఉన్నట్టు. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మనవాళ్ళు చేసేది ఇదే. బీట కుండ నీళ్ళు కార్చి ఊరుకుంటుంది. బీట చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ముక్కలై ముఖం మీదికి వస్తుంది. కళ్ళద్దాలు లేకుండా ఆ యంత్రం మీట నొక్కకండి.

ఈ వేడి గొడవ లేని యంత్రం ఇంకో రకం ఉంది. స్వీడన్‌లో టోర్గ్ని జాన్సన్ అనే ఆయన 1973లో స్థాపించిన టోర్మెక్ సంస్థ పేరుతో ఆ రకమంతా ప్రసిద్ధి. పది అంగుళాల పెద్ద చక్రం, కింద నీళ్ళ తొట్టి, నిమిషానికి 90 చుట్లు. లెక్కేస్తే చక్రం అంచు వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు. మనిషి నడక. నీళ్ళలో మునిగి లేస్తూ తిరుగుతుంది కాబట్టి ఉక్కు వెచ్చబడడమే అరుదు. ఉలిని చేత్తో పట్టుకోనక్కర్లేదు, ఒక ఇనుప కడ్డీ మీద జరిగే పట్టుకారులో బిగిస్తే కోణం అదే నిలబెడుతుంది. అలాంటిది ఒకటి కొనాలని మూడేళ్ళు ఆలోచించి, చివరికి ఇంట్లో ధైర్యంగా "వెట్ గ్రైండరు కొంటున్నాను" అని ప్రకటించాను. ఎంతో సంతోషించారు. పెట్టె విప్పాక ఇందులో ఇడ్లీపిండి పడదని తెలిసింది వాళ్ళకి. ఆ వారం ఉప్మాలు తిన్నాం.

దానితో నాకున్న పేచీ కూడా చెప్పాలి. పట్టుకారులో బిగించి పక్కకి జరుపుతూ కూర్చుంటే పదును వచ్చేస్తుంది, మన చేతికి ఏమీ తెలియకుండా వస్తుంది. పెదనాన్న పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి చూసిన మణికట్టు విద్య ఈ కడ్డీ ముందు ఎందుకూ కొరగానిదైపోయిందే అన్న చిన్న బాధ ఉండేది నాకు. మిత్రులతో వాదించేవాణ్ణి కూడా, రాతి మీద నూరడం రానివాడికి యంత్రం పదును అరువుసొమ్మేనని. ఇప్పుడు ఆ వాదన చేయను. ఎందుకో చెప్పాలంటే పెదనాన్న అంగుళం ఉలి సంగతి చెప్పాలి.

ఆ ఉలి ఆయన పెళ్ళికి ముందే చేయించుకున్నది. లారీ కమానుపట్టీ ఉక్కుతో ఊళ్ళో కమ్మరి సాగగొట్టి ఇచ్చాడు. కమ్మరి పద్ధతిలో ఉలి మొత్తానికీ పదును పెట్టరు, ముందుభాగానికే పెడతారు. వెనుకభాగం మెత్తగా ఉంటేనే కొడతి దెబ్బలకి పగలదు. అంటే ప్రతి ఉలికీ ఒక ఆయుష్షు ఉంటుంది. నూరేకొద్దీ గట్టిభాగం తరుగుతూ వచ్చి, ఒకరోజు మెత్తని ఇనుము బయటపడుతుంది. అరవై ఏళ్ళు నూరాక జానెడు ఉలి నాలుగు వేళ్ళ పొడవయింది. గట్టి భాగం ఎంత మిగిలిందో చూడటానికి ఆయన పక్కన ఆకురాయి పెట్టి గీసేవారు. గట్టిదాని మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది, మెత్తగా ఉన్నచోట పట్టుకుంటుంది. ఆ హద్దు అంచు నుంచి అరంగుళం దూరంలో ఉంది. మళ్ళీ కాల్చి పదును పెట్టించవచ్చు గాని ఊళ్ళో కొలిమి మూతబడి చాలాకాలమైంది. చేసిన కమ్మరి లేడు, ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ఈయన ఒప్పుకోరు.

నాలుగేళ్ళుగా పెదనాన్నకి కుడిచేయి వణుకు. ముద్ద నోటికి చేరేలోగా సగం కంచంలో పడేది. కొడతి ఎత్తి కొట్టడం ఎలాగో నెట్టుకొచ్చారు, దెబ్బ బరువులో వణుకు కలిసిపోతుంది. నూరడం దగ్గర ఆగిపోయింది. మణికట్టు ఊగకూడని పని కదా. రాతి మీద ఉలి ఆనిస్తే ఏటవాలు నిమిషంలో బొర్రయిపోయేది. ఇంకొకరి చేత నూరించుకోమంటే, తన ఉలి తాను నూరుకోలేనివాడు వడ్రంగే కాడని ఆయన సిద్ధాంతం. దాంతో సంచి చిలకకొయ్యకెక్కింది. ఊళ్ళో ద్వారబంధం ఎత్తే ముహూర్తాలకి ఇంకా పిలిచేవారు, వెళ్ళేవారు, తాంబూలం పుచ్చుకుని కూర్చుని వచ్చేవారు. దొడ్డమ్మ నాతో ఫోనులో, "అన్నం తింటున్నారు, నిద్రపోతున్నారు, అంతే రా" అంది. ఆ మాట నాకు చాలా రోజులు వినబడుతూ ఉండేది.

ఇది చాలదన్నట్టు పక్కింటి కుర్రాడెవరో సంచిలోంచి అంగుళం ఉలి తీసుకెళ్ళి పాత తలుపు విప్పుతూ మేకుకి కొట్టాడు. అంచు మధ్యలో రెండు మిల్లీమీటర్ల పన్ను ఊడింది. అరంగుళంలో రెండు మిల్లీమీటర్లంటే మిగిలిన ఆయుష్షులో ఆరోవంతు. రాతి మీద ఆ రెండు మిల్లీమీటర్లూ అరగదీయాలంటే గట్టి చేతులున్నవాడికే పూటంతా పని. పట్నంలో గ్రైండరు మీద ఇస్తే అయిదు నిమిషాలు, ఏ నీలిమచ్చో వస్తే ఉలి కథ ముగిసినట్టే. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు యంత్రాన్ని దుప్పట్లో చుట్టి కారు వెనుక సీట్లో పెట్టుకున్నాను.

వాకిట్లో బల్ల వేసి, తొట్టిలో నీళ్ళు పోసి తిప్పాను. పెదనాన్న కుర్చీ జరుపుకుని వచ్చి కూర్చున్నారు. చాలాసేపు యంత్రాన్ని చూశారు, ఉలిని ఇవ్వలేదు. "రవ్వలు రావేం?" అని అడిగారు. నీళ్ళు అన్నాను. వేలు పెట్టి చక్రాన్ని తాకారు, తిరుగుతుండగానే. అంత నెమ్మది కాబట్టి తాకనిచ్చాను. అప్పుడు సంచి తెమ్మన్నారు.

ముందు పన్ను ఊడినంత మేర అంచుని తిన్నగా అరగదీశాం. ఆ తర్వాత కోణం. పట్టుకారులో బిగించాక ఆయన మందానికీ ఏటవాలుకీ రెండింతలు కంటితో సరిచూసి, ఇంకొంచెం బయటికి లాగమన్నారు. ఆపైన చేయి తానే వేశారు. నేను ఆపలేదు. చేయి వణుకుతూనే ఉంది, ఉలి పక్కకి జరుగుతూనే ఉంది, ఆ వణుకు కడ్డీ దగ్గర ఆగిపోయింది. కోణానికి చేరలేదు. బూడిదరంగు నీళ్ళు అంచు మీదుగా కారుతున్నాయి. అరగంట పట్టింది. మధ్యలో దొడ్డమ్మ రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆయన యంత్రం ఆపించి, ఉలి వెనకవైపు వేలు జరిపి, "నూగు లేచింది" అన్నారు.

ఆ యంత్రంలోనే రెండోవైపు నూగు తీయడానికి తోలు చక్రం ఉంటుంది. దాని మీద పెడదామని నేను ఉలి అందుకోబోతే ఇవ్వలేదు. ఏటవాలుని వెలుతురుకి పట్టుకుని, "ఇది గుంట పడిందేమిట్రా" అన్నారు. నిజమే. గుండ్రని చక్రం మీద నూరితే ఏటవాలు బల్లపరుపుగా రాదు, చక్రం వంపు మేరకు లోపలికి కొద్దిగా గుంటపడుతుంది. ఉలి మందం అయిదు మిల్లీమీటర్లు, ఏటవాలు పది. పది అంగుళాల చక్రం మీద ఆ గుంట లోతు మిల్లీమీటరులో పదోవంతు, ఒక కాగితం మందం. ఆయన కన్ను దాన్ని పట్టుకుంది. నేను దాన్ని యంత్రం లోపంగా చెప్పబోతున్నాను. ఆయన ఈలోగా, "ఆ రాయి ఇలా తే" అన్నారు.

పనసచెక్కలో బిగించిన రాయి తెచ్చి తడిపి ఇచ్చాను. ఉలిని రాతి మీద ఆనించారు. గుంట ఉన్న ఏటవాలు రాతి మీద రెండు గీతల మీద కూర్చుంటుంది. వెనుక మడమ ఒకటి, ముందు అంచు ఒకటి. రెండు కాళ్ళ పీటలా. బల్లపరుపు ఏటవాలు రాతి మీద ఎక్కడ ఆనిందో వేళ్ళకి తెలియడం కష్టం. గుంట ఏటవాలు మాత్రం టక్కున కూర్చుంటుంది, కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది, నొక్కిపెడితే ఊగదు. పెదనాన్న ఎడమచేతి రెండువేళ్ళతో ఉలిని రాతికేసి అదిమిపెట్టి, ఆ వేళ్ళ మీద కుడిచేయి బరువు వేసి, బెత్తెడు దూరం మాత్రమే లాగారు. ఆగారు. మళ్ళీ లాగారు. వణుకు భుజంలో కనబడుతోంది, రాతి మీద కనబడటం లేదు. ఆరేడు లాగుల తర్వాత ఉలి తిరగేసి వెనుక తలం ఆనించి నూగు తీసేశారు. గుంట పైనా కిందా, అంచు వెంట ఒకటీ మడమ వెంట ఒకటీ, రెండు సన్నని మెరుపు గీతలు ఏర్పడ్డాయి.

చక్రం చేయి రాతి దగ్గరికి వెళ్ళే దారి మూసేస్తుందని నేను వాదిస్తూ వచ్చింది ఆ చేతుల గురించే. వాకిట్లో జరిగింది వేరు. పైగా ఆ గుంట ఉన్నంతకాలం యంత్రం అవసరం కూడా లేదు. అంచు దగ్గర వెంట్రుకవాసి నూరుకుంటే చాలు. రాతి మీద పది పన్నెండుసార్లు నూరేదాకా గుంట మిగిలే ఉంటుంది, ఆ తర్వాత ఒకసారి చక్రం. మిగిలిన ఉక్కు అలా వాడుకుంటే ఎన్నాళ్ళొస్తుందో ఆయనే లెక్కగట్టారు. "నాకు సరిపోద్ది" అన్నారు. దొడ్డమ్మ ఆ మాటకి చాలా కోప్పడింది.

పండగ మూడురోజులూ చిన్నచిన్న పనులు పుట్టుకొచ్చాయి. పార కామ వదులైందని తుమ్మకర్రతో చీల చెక్కారు. అడ్డకోతలో తుమ్మ లొంగడం కష్టం, అయినా గీసినచోట గాజులా మెరుపు వచ్చింది. పీట కోడు ఒకటి సరిచేశారు. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి, తిట్టకుండా, మేకు ఉన్న కర్రని ఉలితో తాకేముందు ఏం చూసుకోవాలో చెప్పారు. వాడు బుద్ధిగా విన్నాడు గాని చూపంతా యంత్రం మీదే ఉంది.

యంత్రాన్ని అక్కడే వదిలి వచ్చాను. నాకు తెల్ల చక్రమున్న గ్రైండరు ఎలాగూ ఉంది, నా ఉలులు హైస్పీడువే. బయలుదేరేముందు వాకిట్లోకి వెళితే పెదనాన్న తొట్టి విప్పి నీళ్ళు గులాబీ మొక్కకి ఒంపుతున్నారు. రాత్రంతా చక్రం ఒకవైపే నీళ్ళలో నానితే అటువైపు బరువెక్కి మర్నాడు ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. ఆ సంగతి రాసి ఉన్న పుస్తకం నా సంచిలోనే ఉంది. ఇంకా ఆయనకి ఇవ్వలేదు.